ముసలివాళ్ల నర్సునవుతానంటే ఇంట్లో నవ్వుతున్నారు

సిస్టరమ్మ జవాబులు

ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేసి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పెద్దవయసు వాళ్ల సంరక్షణ గురించే. అందుకని మోకాళ్ల నొప్పులు, షుగరు టిఫిన్ల ప్రశ్నలు వచ్చే నెలకి జరిపి వీటికే జవాబులు రాస్తున్నాను. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: ఈ ఏడే జీఎన్ఎం (మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా) పూర్తి చేశాను. రిజిస్ట్రేషన్‌కి పెట్టుకున్నాను. ఇంటర్న్‌షిప్‌లో మెడికల్ వార్డులో పడినప్పుడు ముసలివాళ్ల దగ్గరే నాకు మనసు కుదిరింది. నానమ్మ దగ్గర పెరిగినదాన్ని కాబట్టేమో. వాళ్ల సంరక్షణలోనే స్పెషలైజ్ చేస్తానంటే మా అమ్మ, "ఉచ్చలు, దొడ్లు ఎత్తడానికా అప్పు చేసి మూడేళ్లు చదివించింది?" అని ఒకటే గొడవ. ఫ్రెండ్స్ నవ్వుతున్నారు, ఐసీయూకో డయాలసిస్‌కో పొమ్మంటున్నారు. దీనికి అసలు కోర్సు ఉంటుందా? భవిష్యత్తు ఉంటుందా? (పిడుగురాళ్ల)

జవాబు: ముందు మీ అమ్మగారి మాట. అందులో అబద్ధమేం లేదమ్మా. ఎత్తాలి. నేనూ ఎత్తాను. హెడ్ నర్సునయ్యాక కూడా ఆయమ్మ సెలవు పెట్టిన రోజున ఎత్తాను. ఛీ అనిపించిన రోజే లేదని చెబితే నువ్వు నమ్మవు, నేనూ చెప్పను. అయితే ఆ పని చేస్తున్నప్పుడు నర్సు కళ్లు ఏం చూస్తాయన్నదే నువ్వు మూడేళ్లు చదివిన చదువు. దానికో సంగతి చెబుతాను, మీ అమ్మగారికి చదివి వినిపించు.

1993లో అనుకుంటా. ఆడవాళ్ల మెడికల్ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఒక పల్లెటూరి ముసలమ్మ ఉండేది. చెంగు కొసన ఎప్పుడూ ఒక ముడి. అందులో రెండు రూపాయి బిళ్లలు, ఒక పొగాకు కాడ ముక్క. బీపీ చూద్దామని నేను చెయ్యి పట్టుకుంటే ముందు రెండో చేత్తో ఆ ముడి తడుముకునేది. నేనేదో కాజేస్తానని! మూడు రోజులు వార్డంతా ఎగిరిపోయేలా అరిచింది. నాలుగో రోజు సాయంత్రం డ్యూటీకి వెళ్లేసరికి ప్రశాంతంగా పడుకుని ఉంది. "ఇవాళ నిమ్మళంగా నిద్రపోతా ఉందమ్మా" అని కూతురు సంబరంగా చెప్పింది. థర్మామీటరు పెడితే 98.4. కేస్ షీట్‌లో అంతా బాగానే ఉన్నట్టు రాసి ఉంది.

నాకు మాత్రం దుప్పటి మీద బిళ్లలు కనపడ్డాయి. ముడి విడిపోయింది, రెండు రూపాయలూ పక్కలో పడి ఉన్నాయి, ఆవిడ వాటి వంక చూడలేదు. పిలిస్తే కళ్లు తెరిచి "పొయ్యి మీద పాలున్నయ్యి" అంది, మళ్లీ మూసుకుంది. మూత్రం సంచి ఎత్తి వెలుతురులో పెట్టి చూస్తే డికాక్షన్ రంగు, అడుగున మడ్డి. ఇన్‌ఫెక్షన్ అనుకుని డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్‌కి చెప్పాను. కుర్రాడు, "జ్వరం లేదుగా సిస్టర్" అన్నాడు. అతన్నీ అనడానికి లేదు, పుస్తకం అలాగే చెబుతుంది. నేను ఊరుకోక పెద్ద డాక్టరుగారికి కబురు పెట్టాను. మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందని తేలింది. యాంటీబయాటిక్ మొదలుపెట్టిన మూడో రోజున ఆవిడ నన్ను పిలిచి అడిగిన మొదటి మాట, "నా రెండు రూపాయలేయే?"

ముసలివాళ్లలో ఒళ్లు ఇలాగే మాట్లాడుతుంది. ఇన్‌ఫెక్షన్ వచ్చినా జ్వరం రాకపోవచ్చు. గుండెపోటు వచ్చినా గుండె నొప్పి లేకుండా ఆయాసమో, నీరసమో, వికారమో మాత్రమే ఉండొచ్చు. ఒంట్లో నీరు తగ్గినా దాహం వెయ్యకపోవచ్చు. మనిషి ఉన్నట్టుండి తికమక పడిపోవడాన్ని డెలీరియం అంటారని నువ్వు చదివే ఉంటావు. అరిచి గోల చేసే డెలీరియాన్ని అందరూ పట్టుకుంటారు. మూగగా మగతగా పడుకునే డెలీరియాన్ని ఎవరూ పట్టుకోరు, పైగా ఇంటివాళ్లు సంతోషిస్తారు. దాన్ని పట్టుకోవాలంటే ఆ మనిషి నిన్న ఎలా ఉందో తెలిసి ఉండాలి. నిన్నా ఇవాళా రేపూ ఆ మంచం దగ్గర ఉండేది నర్సే.

మీ అమ్మగారు అన్న "ఎత్తే పని"లోనే ఒక పెద్ద పరిశోధన కూడా ఉంది. మా ట్రైనింగ్‌లో మంచాన పడ్డవాళ్ల వీపుకి స్పిరిట్ రాసి, పౌడర్ వేసి రుద్దించేవాళ్లు. అలా చేస్తే పుండ్లు పడవని నమ్మకం. ఇంగ్లండులో డోరీన్ నార్టన్ అనే నర్సు, ఇద్దరు సహచరులతో కలిసి ముసలివాళ్ల వార్డుల్లో దీన్నే పట్టుకుని కూర్చుని లెక్కలు తీసింది. 1962లో ఆ పరిశోధన అచ్చయింది. రాసే పూతల్లో ఏమంత పస లేదు, మనిషిని వేళకి పక్కకు తిప్పడంలోనే ఉందని తేలింది. రోగి ఒంటి స్థితి, మనసు స్థితి, నడక, కదలిక, మలమూత్రాల మీద పట్టు, ఈ అయిదింటికీ మార్కులు వేసి ఎవరికి పుండు పడే ప్రమాదం ఉందో ముందే చెప్పే స్కేలు కూడా ఆవిడ పేరు మీదే ఉంది. మొత్తం 20 మార్కులు, 14 అంతకంటే తక్కువొస్తే జాగ్రత్త. ఇంగ్లండులో అది తేలిన పాతికేళ్లకి కూడా మా ట్రైనింగ్ స్కూల్లో మేం స్పిరిటే రుద్దుతున్నాం, అది వేరే సంగతి.

ఇంకొకటి నీకు పనికొచ్చేది చెబుతాను. మడమ, తుంటి, తోక ఎముక దగ్గర ఎర్రగా ఉంటే వేలితో నొక్కి వదలమని నేర్పి ఉంటారు. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే పర్వాలేదు, తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. ఇది తెల్లతోలు వాళ్ల కోసం రాసిన పాఠం. పొలంలో ఎండకి కమిలిన మన తాతల ఒంటి మీద ఎరుపు ఎక్కడ కనపడుతుంది? అందుకని చేతి వేళ్ల వెనక వైపుతో తాకి చూడు. పక్క చర్మం కంటే వేడిగా ఉందా, గట్టిపడిందా, లేకపోతే నానిన పిండిలా మెత్తగా ఉందా? తాకితే "అబ్బా" అంటున్నాడా? కంటికి కనపడేలోపు చేతికి తెలుస్తుంది.

ఇక కోర్సు. ఉంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన పోస్ట్ బేసిక్ డిప్లొమాల్లో జీరియాట్రిక్ నర్సింగ్, అంటే ముసలివాళ్ల నర్సింగ్ ఒకటి, ఏడాది కోర్సు. జీఎన్ఎం అయినా, బీఎస్సీ అయినా రిజిస్టరైన నర్సులు చెయ్యొచ్చు. నేర్పే కాలేజీలు తక్కువ. అందుకే డబ్బు కట్టే ముందు ఆ కాలేజీకి ఆ కోర్సు మీదే కౌన్సిల్ అనుమతి ఉందో లేదో చూసుకో. బీఎస్సీ కోర్సుకి అనుమతి ఉంటే ఈ డిప్లొమాకీ ఉన్నట్టు కాదు. గేటు మీద బోర్డు చూసి చేరిపోయి ఏడ్చినవాళ్లని చూశాను.

రెండో దారి, రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ, ఆ పైన ఎమ్మెస్సీ. ఎమ్మెస్సీలో జీరియాట్రిక్ అని విడిగా ఉండదు. మెడికల్ సర్జికల్ గానీ, సైకియాట్రిక్ గానీ తీసుకో. మతిమరుపు జబ్బు వాళ్లతో పనిచెయ్యాలని ఉంటే రెండోదే మంచిదని నా అభిప్రాయం. నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగం ఉంది, అక్కడ నర్సులకీ ట్రైనింగ్ ఇస్తారు. నొప్పిని ఎలా కొలవాలి, ఆఖరి రోజుల్లో ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు, ఇవన్నీ మన సిలబస్‌లో రెండు పేజీలే కదా.

నీ ఫ్రెండ్స్ ఐసీయూ అన్నారని వాళ్ల మీద అలగకు. ముందు రెండేళ్లు ఐసీయూలోనో, పెద్ద మెడికల్ వార్డులోనో చెయ్యి. ఎందుకంటే ఇప్పుడు గొంతుకి రంధ్రం పెట్టినవాళ్లని, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లని కూడా ఇంటికి పంపేస్తున్నారు. రాత్రి రెండింటికి ఒక అపార్ట్‌మెంటులో ఆ మనిషి పక్కన నువ్వొక్కదానివే ఉంటావు. పక్క మంచం సిస్టర్‌ని కేకేసే వీలుండదు. చేతిలో పనితనం లేకుండా ఇళ్లకి వెళ్లకు. ఇది మాత్రం నా ఆజ్ఞ అనుకో.

భవిష్యత్తు మాటకొస్తే, 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో అరవై దాటినవాళ్లు పదికోట్ల పైచిలుకు. లెక్కలు వదిలెయ్, మీ పక్క వీధిలో ముసలి మొగుడూపెళ్లాలిద్దరే ఉంటున్న ఇళ్లు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టు. కొడుకు డాలస్, కూతురు హైదరాబాద్. కేంద్రం 2010లో వయోవృద్ధుల ఆరోగ్యానికి ఒక జాతీయ పథకం మొదలుపెట్టింది. దాని కింద జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు, పీహెచ్‌సీలో వారానికో క్లినిక్ ఉండాలి. కొన్నిచోట్ల ఉన్నాయి, కొన్నిచోట్ల బోర్డే ఉంది. ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అనే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలు ఇవ్వాల్సిన పన్నెండు రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణ, పాలియేటివ్ కేర్ ఉన్నాయి కాబట్టి బీఎస్సీ అయ్యాక ఆ కేంద్రాల్లో ఎంఎల్‌హెచ్‌పీ (డాక్టరు కాని ఆరోగ్య అధికారి) ఉద్యోగం వచ్చినా నువ్వు కోరుకున్న పని దొరుకుతుంది. తెలంగాణలో అయితే ప్రభుత్వ పాలియేటివ్ కేర్ నర్సులు ఇళ్లకే వెళ్లి చూస్తారు, దానికి 'ఆలన' అని పేరు. ఆ పేరు పెట్టినవాళ్లకి ఒక దణ్ణం.

జీతం గురించి కూడా రాయాలి, లేకపోతే మీ అమ్మగారు ఊరుకోరు. సుప్రీంకోర్టు చెప్పగా కేంద్రం వేసిన కమిటీ 2016లో, యాభై లోపు పడకలున్న ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం 20 వేలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. ఆ మాట ఎన్ని నర్సింగ్ హోముల్లో అమలవుతోందో నీ సీనియర్లని అడుగు, చెబుతారు. కాబట్టి ఇంటర్వ్యూలో సిగ్గుపడకు. జీతం ఎంత, రాత్రిపూట ఒక నర్సుకి ఎంతమంది రోగులు, మనిషిని లేపడానికి ఆయమ్మలున్నారా, ఈ మూడూ అడుగు. మూడోదానికి నవ్వితే అక్కడ చేరకు. నా నడుము ఇప్పుడిలా ఉందంటే అలాంటి నవ్వుల వల్లే.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చేసి రెండేళ్లుగా ప్రైవేట్ ఆసుపత్రిలో ఉన్నాను. మగవాణ్ణి. జర్మనీ, జపాన్‌లో ముసలివాళ్లు ఎక్కువ, నర్సులకి డిమాండ్ ఉందని ఒక ఏజెంటు నాలుగు లక్షలు అడుగుతున్నాడు. జపాన్‌కైతే ఆరు నెలల్లో పంపేస్తానంటున్నాడు. వెళ్లమంటారా? (నరసన్నపేట)

జవాబు: డిమాండ్ నిజం. జపాన్‌లో పదిమందిలో దాదాపు ముగ్గురు అరవై అయిదు దాటినవాళ్లే. నాలుగు లక్షలు మాత్రం నాకు నచ్చలేదు బాబూ. మన దేశంలో లైసెన్స్ ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు సర్వీసు చార్జీగా 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకంటే తీసుకోకూడదు. భాష నేర్పే ఫీజు వేరే ఉంటుందనుకో. అతని లైసెన్స్ నంబరు అడిగి కేంద్రం వారి ఈ-మైగ్రేట్ సైట్లో చూడు. నంబరు అడగ్గానే మాట మారిస్తే నీకు జవాబు దొరికినట్టే. విదేశీ ఉద్యోగాలకి పంపే ప్రభుత్వ సంస్థలు తెలంగాణలో టామ్‌కామ్, మన ఆంధ్రాకి ఓంక్యాప్ ఉన్నాయి, ముందు అక్కడ అడుగు.

అసలు సంగతి వేరే ఉంది. అతను పంపుతానన్న ఉద్యోగం నర్సు ఉద్యోగమేనా? జపాన్‌లో 2019లో తెచ్చిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా మీద వెళ్లేది 'కైగో' పనికి. అంటే సంరక్షణ. స్నానం, తిండి, బట్టలు, నడిపించడం. మంచి పనే, గౌరవంగానే చూస్తారంటారు. కానీ అక్కడ నువ్వు నర్సువి కావు, ఇంజెక్షన్ ముట్టుకోవు. ఆ వీసా మొత్తం అయిదేళ్లు, పెళ్లాం పిల్లల్ని తీసుకెళ్లడానికి లేదు. ఆ తర్వాత వాళ్ల జాతీయ పరీక్ష రాసి 'కైగో ఫుకుషిషి', అంటే సర్టిఫికెట్ ఉన్న సంరక్షకుడివి అయితే వీసా మారుతుంది, అప్పుడు కుటుంబం రావచ్చు. జపాన్‌లో నర్సుగానే చెయ్యాలంటే జపనీస్‌లో నర్సింగ్ లైసెన్స్ పరీక్ష రాయాలి. ఆరు నెలల్లో జరిగే పని కాదు అది.

జర్మనీలో మన డిగ్రీని గుర్తిస్తారు. ఆ గుర్తింపు వచ్చేదాకా సహాయకుడిగా చేస్తూ, పరీక్షో, కోర్సో పూర్తి చెయ్యాలి. జర్మన్ భాష బీ2 స్థాయి దాకా రావాలి (బీ1 దానికి కింది మెట్టు). బీ1తో విమానం ఎక్కించినా బీ2 తప్పదు. నా దగ్గర పనిచేసిన అమ్మాయి ఒకతె అక్కడ ఉంది. మొదటి నెలలో ఫోన్ చేసి ఏడ్చింది. "అమ్మా, ఇక్కడ ఆయమ్మ లేదు. ఒళ్లు తుడవడం, పళ్లు తోమించడం, తినిపించడం అన్నీ నర్సులే చేస్తారు. ఇంట్లోవాళ్లు పక్కన ఉండరు." మన ఆసుపత్రిలో ఆ పని ఆయమ్మదో, కూతురిదో, కోడలిదో. అక్కడ అదే నర్సింగ్‌లో సగం. ఆ మాట ముందే తెలిసి వెళితే ఏడుపు ఉండదు. ఆమె ఇప్పుడు బాగానే ఉంది. బాధ ఒక్కటే చెబుతుంది. మతిమరుపు వచ్చిన ముసలివాళ్లు చిన్నప్పటి యాసలోకి వెళ్లిపోతారట, ఈమె నేర్చుకున్న పుస్తకం జర్మన్ అక్కడ పనికి రావట్లేదట. మన ఇచ్ఛాపురం తాతకి గుంటూరు నర్సు మాట అర్థం కానట్టే.

మగవాడినని రాశావు, అది నీకు మైనస్ కాదు. ఆడ నర్సు స్నానం చేయిస్తానంటే గుడ్లురిమే ముసలాయన మగ నర్సు చేతికి మెత్తగా ఒళ్లప్పగించడం నా కళ్లతో చూశాను. ఇక్కడ కూడా ఇళ్లలో మగ నర్సు దొరక్క అల్లాడుతున్నవాళ్లున్నారు. అది కూడా లెక్కలో వేసుకుని నిర్ణయించుకో.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. పది పాసయ్యాను. ఏజెన్సీ ద్వారా ఒక ఇంట్లో మామ్మగారిని చూసుకుంటున్నా, 24 గంటల డ్యూటీ. వాళ్లు నన్ను నర్సనే పిలుస్తారు. ఇన్సులిన్ నేనే ఇస్తున్నా. ఈమధ్య అంట్లు తోమమంటున్నారు. నేను నిజంగా నర్సు కావాలంటే ఏం చెయ్యాలి? (కూకట్‌పల్లి)

జవాబు: నీకు తీపి మాట చెప్పి మోసం చెయ్యలేను. ఏఎన్ఎం గానీ జీఎన్ఎం గానీ చేరాలంటే ఇంటర్ ఉండాలి, వయసు 35 దాటకూడదు. ఆ దారి మూసుకుపోయింది. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ (రోగి పనుల్లో సాయపడే మనిషి) కోర్సు ఉంది, పది పాసైనవాళ్లు చేరొచ్చు, నెలల్లో అయిపోతుంది, సర్టిఫికెట్ వస్తుంది. అది చేతిలో ఉంటే ఏజెన్సీతో గట్టిగా మాట్లాడొచ్చు.

వాళ్లు ప్రేమగానే నర్సని పిలుస్తుండొచ్చు. రేపు ఏదైనా తేడా జరిగితే ఆ పిలుపు నీ మెడకే చుట్టుకుంటుంది. ఇన్సులిన్ పెన్నుతో ఇంటివాళ్లు కూడా ఇస్తారు కాబట్టి అది పెద్ద నేరమేం కాదు. కానీ ఎన్ని యూనిట్లో, తిండికి ఎంత ముందు ఇవ్వాలో డాక్టరు రాసిన కాగితం గోడకి అంటించి ఉండాలి, దాని ప్రకారమే ఇవ్వాలి. సెలైన్, నరానికి ఇంజెక్షన్ మాత్రం ఎవరు బతిమాలినా ముట్టుకోకు.

అంట్ల సంగతి: మామ్మగారి కంచం, గ్లాసు, ఆవిడ బట్టలు నీ పని. ఇంటి మొత్తం అంట్లు నీ పని కాదు. నోటితో గొడవ పడకు, ఏజెన్సీ వాళ్లని పనుల జాబితా కాగితం మీద రాసి ఇంటివాళ్లకి ఇమ్మను. దాన్లోనే నీ నిద్ర గంటలు కూడా రాయించు. 24 గంటల డ్యూటీ అంటే 24 గంటలు మెలకువగా ఉండటం కాదు.

ఇంకో మాట. ఒక వంద పేజీల పుస్తకం కొను. రోజూ తారీఖు వేసి మామ్మగారు ఎంత తిన్నారు, ఎన్ని గ్లాసుల నీళ్లు, మూత్రం ఎన్నిసార్లు, విరేచనం అయిందా, రాత్రి ఎన్నిసార్లు లేచారు, కొత్తగా ఏమన్నారు, ఇంతే రాయి. తప్పులున్నా పర్వాలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు ఆ పుస్తకం ఆయన ముందు పెట్టు. కొడుకు చెప్పేదానికంటే దాన్ని ఎక్కువసేపు చూస్తాడు, నాది హామీ.

ప్రశ్న: మా మావయ్యగారు రిటైర్డ్ టీచరు, 82 ఏళ్లు. పంచె తడిసిపోతోంది. డైపర్ వేద్దామంటే కోపం. తడిసిన పంచెలు మంచం కింద దాస్తున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. (ఒంగోలు)

జవాబు: దాస్తున్నారంటే ఆయనకి తెలుస్తోందన్నమాట. తెలిసినవాళ్లకి డైపర్ ఆఖరి మాట కావాలి, మొదటి మాట కాదు. రెండు గంటలకోసారి, తడిసినా తడవకపోయినా, మీవారు వెళ్లి "నాన్నా, ఒకసారి వెళ్లొద్దాం" అని బాత్రూముకి తీసుకెళ్లాలి. మీరు కాదు, మీవారు. రాత్రికి మంచం పక్కన యూరిన్ బాటిల్. సాయంత్రం ఆరు తర్వాత కాఫీ ఆపండి, నీళ్లు మాత్రం పూర్తిగా మాన్పించకండి. ఇది ఈమధ్యే మొదలైతే ప్రోస్టేట్, షుగర్, ఇన్‌ఫెక్షన్ ఉన్నాయేమో ఒకసారి చూపించండి, కొత్తగా మొదలైన మాత్రలేమన్నా ఉంటే అవి కూడా తీసుకెళ్లండి. దొరికిన పంచెల గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడొద్దు.

ప్రశ్న: హోమ్ కేర్‌లో నర్సుని. పద్నాలుగు నెలలు చూసుకున్న తాతగారు పోయిన నెల పోయారు. ఆ రాత్రి రెండింటికి తిప్పి పడుకోబెట్టి కుర్చీలో కునుకు తీశాను. నాలుగింటికి చూసేసరికి అయిపోయింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. పదకొండో రోజు భోజనానికి పిలిచారు, మొహం చెల్లక వెళ్లలేదు. ఇప్పుడు మాసికానికైనా రమ్మంటున్నారు. ఇంకో కేసు ఒప్పుకోబుద్ధి కావట్లేదు. (రాజమండ్రి)

జవాబు: నీ ఉత్తరం రెండుసార్లు చదివాను తల్లీ. రెండింటికి తిప్పావు, నాలుగింటికి మళ్లీ లేచావు. ఆ రెండు గంటలు మెలకువగా ఉంటే ఆయన చెయ్యి పట్టుకుని ఉండేదానివి, అంతే. ఆ బాధ ఉంటుంది. అది తప్పు చేసిన బాధ కాదు.

తప్పు చేసిన బాధ ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి అంటున్నాను. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఉదయం ఏడు గంటలు, డ్యూటీ మారే వేళ. బీపీ మాత్ర వేసుకున్న ఒక పెద్దాయన బాత్రూముకి వెళతానన్నాడు. నేను తొందరలో చెయ్యిచ్చి మంచం మీంచి గబుక్కున లేపి నిలబెట్టేశాను. రెండడుగులు వేశాడు. కళ్లు తేలేశాడు. నా చేతిలోంచే జారిపోయాడు. తుంటి ఎముక విరిగింది. నిలబడగానే ముసలివాళ్లలో బీపీ పడిపోతుందని, పైది ఇరవై పాయింట్లు తగ్గితే అది ప్రమాదమని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. ఆయన మళ్లీ నడవలేదు. వాళ్లావిడ నన్ను తిట్టలేదు, డిశ్చార్జి రోజున అరటిపళ్లు ఇచ్చి వెళ్లింది. ఆ పళ్లు తినలేకపోయాను, ఆయమ్మకి ఇచ్చేశాను.

నెల రోజులు సెలవు పెట్టాను. మానేద్దామనుకున్నాను. మా మేట్రన్ ఇంటికొచ్చి ఓదార్చలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. "సోమవారం నుంచి మగవాళ్ల వార్డులో నైట్ డ్యూటీ వేశాను, మనుషులు లేరు" అని చెప్పి టీ తాగి వెళ్లిపోయింది. వెళ్లాను.

నువ్వు ఇంకో పదిహేను రోజులు ఆగి కేసు ఒప్పుకో. ఈసారి 24 గంటలది వద్దు, పగటి డ్యూటీ తీసుకో. మాసికానికి వెళ్లు. యూనిఫాం వేసుకోకు, మామూలు చీర కట్టుకో. వంటింట్లో సాయం చేస్తానని లోపలికి దూరిపోకు, వాళ్లు ఎక్కడ కూర్చోమంటే అక్కడ, విస్తరి ముందు కూర్చో. తాతగారు ఆఖరి రోజుల్లో ఏమన్నారు, ఏం తిన్నారు అని అడుగుతారు. వాళ్లకి తెలియనివి నీకు తెలుసు. చెప్పు.

మావారికి ఇప్పుడు డెబ్బై ఒకటి. రాత్రి లేస్తే మంచం అంచున కూర్చోబెట్టి అరవై లెక్కపెడతాను. "నలభై చాలదా?" అని విసుక్కుంటాడు. చాలదు.